పోశం పోగొట్టని గిన్నె

సిరొంచ, 12-2-1984, ఆదివారం

బందరు సముద్రం చూసి నిన్ననే తిరిగొచ్చాం, నేనూ మా చెల్లె మగడు పోశం. ఈ రోజు పడవల రేవులో అందరి ముందూ చెల్లె అతన్ని నిలదీసింది.

"మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెను సముద్రంల ఇడిసిపెట్టి వస్తవా? కండ్లు లేవా నీకు?"

"సముద్రానికి సద్ది కట్టిచ్చి వచ్చిండు పోశం," అన్నారెవరో. అందరూ నవ్వారు.

సముద్రం ఒడ్డున గిన్నెను ఇసుకలో పెట్టమన్నది నేను. ఇసుక పొడిగా ఉంది, నీళ్లు చాలా దూరంలో ఉన్నాయి. చేపలమ్మే ఆమె చెప్పింది కూడా.

"పోటొచ్చే వేళయింది తాతా, ఇంకాస్త పైన పెట్టుకోండి."

"నలభై ఏండ్ల సంది ప్రాణహితల పడవ నడుపుతున్న. నీళ్ల సంగతి నాకు చెప్పకమ్మా," అన్నాను.

మా నదిలో వానలొస్తేనే నీళ్లు పెరుగుతాయి. మేము స్నానం చేసి వచ్చేసరికి అలలు సద్దితో సహా గిన్నెను లాక్కుపోయాయి. చివరికి ఆమే మాకు అన్నం, చేపల పులుసు పెట్టింది. తల ఎత్తకుండా తిన్నాను.

గిన్నెను అక్కడ పెట్టమన్నది నేనేనని ఈ రోజు రేవులో చెప్పాల్సింది. రోజూ నా పడవ ఎక్కేవాళ్లంతా అక్కడే ఉన్నారు. పోశం ఒకసారి నా వైపు చూశాడు.

"నాకేం ఎరుకనే సముద్రం సంగతి? నాదే తప్పు," అన్నాడు చెల్లెతో.

ఇంటికి పోయేటప్పుడు చెల్లె నా దగ్గర ఆగింది.

"పక్కనే ఉండి నువ్వన్న జర చెప్పకపోతివా అన్నా? నీకు నీళ్ల సంగతి ఎరుకనే గద."

ఊ అన్నాను.