కిటికీ ఉన్న గది

తిరుపతి, మే 2021, మంగళవారం

ఈరోజు పళ్ల డాక్టర్ల ఆన్‌లైన్ సమావేశంలో మా డాక్టరుగారు ప్రాణాయామం నేర్పించారు. నేను ఎదురుగా నిలబడి ఫోన్ పట్టుకున్నాను. నిరుడు కరోనా భయంతో ఆయన డ్రిల్ పట్టలేకపోయినప్పుడు, అసిస్టెంటునైన నేనే పుస్తకాలు తిరగేసి, వరుస సంఖ్యలు వేసి, ప్రాణాయామానికి పదకొండు నియమాలు రాసి ఇచ్చాను. ఈరోజు ఆయన చూసి చదివింది ఆ కాగితమే.

"ఇదంతా యాడ నేర్చుకున్నావప్పా?" అని చిత్తూరు డాక్టరు ఒకరు అడిగారు.

"ఎవురు నేర్పిస్తారబ్బా? నా అంతట నేనే," అన్నారు ఈయన.

నేను ఫోన్ కదలనివ్వలేదు.

సమావేశం ముగిశాక నావైపు తిరిగారు. "రేపు పొద్దున్నే పన్ను తీసేదుండాది. నువ్వు ముందు పోయి పేషెంటు నోరు కడిగించు. నేను పది నిమిషాలు ఊపిరి కుదుర్చుకొని వస్తా."

"నాకూ భయంగానే ఉండాది సార్."

"నీకేం భయమప్పా, నేర్పినోడివి!" అని నవ్వారు.

ఆ కాగితంలో నేను రాసిన మొదటి నియమం, గాలి ధారాళంగా వచ్చే చోట కూర్చోవాలని. మా క్లినిక్‌లో కిటికీ ఉన్నది డాక్టరుగారి గదికి ఒక్కదానికే. ప్రాణాయామం చేసేటప్పుడు ఆయన లోపల గడియ పెట్టుకుంటారు.