అన్న జీపు స్టీరింగ్

చివ్వెంల, మంగళవారం

అన్నా, ఈడ అందరం మంచిగున్నం. ఫోన్ల నీకు సగమే వినపడ్తదని కార్డు రాస్తున్న.

కోతలకని తెచ్చుకున్న నీ జీపును సూర్యాపేటల మెకానిక్ యాదగిరికి చూపించిన. నువ్వన్నట్టు స్టీరింగ్ బాక్స్ ఖరాబు గాలే. నన్ను స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని ఆయన కిందికి దూరిండు. చక్రం కాడ రాడ్డు చివర బాల్ జాయింట్ అరిగిందట. అది మార్చి, బాక్స్ స్క్రూ జరంత బిగించిండు. ఇగ లూజ్ లేదు.

ముందుగాల బెత్తెడు తిప్పినంకనే చక్రం కదిలేది గదా. వచ్చేటప్పుడు మా ఊరి మలుపు కాడ అదే అలవాటుల తిప్పిన. జీపు పోయి రోడ్డు మీద ఎండబోసిన వడ్లల్లకు ఎక్కింది. ఎవ్వరికీ ఏం కాలే. వడ్లాయన తిట్టినన్ని తిట్లు పడి, నేనే ఊడ్చి కుప్ప చేసిన.

నెల దినాలు నడిపినందుకే నా చేతులకు ఆ లూజ్ గింత అలవాటయింది. నువ్వు పద్దెనిమిదేండ్లు నడిపినవ్. వారం దాక కోసిన పొలంలనే తిప్పు, సాగర్ కాలువ కట్ట ఎక్కకు.

వదిన మోకాలు నొప్పి తగ్గిందా? ఆదివారం మా నిఖిల్ జీపు తెస్తడు, వానికి చింతకాయ తొక్కు ఇచ్చి పంపు. పిల్లలకు నా దీవెనలు.

తాళంచెవి వదిన చేతికే ఇయ్యమన్న. నీకెప్పుడియ్యాల్నో ఆమెనే చూస్తది.

నీ చెల్లె,
అరుంధతి