పాతదంత పెద్దది వద్దు

మామయ్యకు,

హోటలుకి పాతదంత పెద్ద బాయిలరే కావాలని మళ్ళీ కబురు పెట్టారు. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. లాండ్రీ మీరే మూసేశారు, పై రెండంతస్తులూ ఆఫీసులకిచ్చేశారు. ఇక అన్ని వేడినీళ్ళు ఎవరికి? మళ్ళీ జనం వస్తే అంటారా, పక్కన ఇంకోటి పెడదాం.

బాయిలరు గదిలో చాలాసేపు నిలబడి చూశాను. ఇలా వెలుగుతుంది, నీళ్ళు ఇట్టే కాగిపోవడంతో అలా ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. అది ముసలిదై చెడలేదు మామయ్యా, పని చాలక కొట్టుకుని కొట్టుకుని చెడింది.

టీ తెచ్చిన అత్తయ్య కూడా కాసేపు చూసి, "అచ్చం మీ మామయ్యే! కూర్చుంటారు, లేస్తారు, గుమ్మందాకా వెళ్ళొస్తారు" అంది.

చిన్నదే ఆర్డరు పెట్టాను, సోమవారం వస్తుంది. తిట్టాలనుంటే ఆ రోజు పొద్దున్నే రండి. బిగించేటప్పుడు నాకు పక్కన మనిషి కావాలి.

మీ మేనకోడలు