‘బాగుంది’ అని రాస్తే విమర్శ అవుతుందా

కాపీరైట్ విచారణాధికారి గారి సముఖమునకు ఒక దర్జీ సమర్పించుకొను అర్జీ

అయ్యా,

విషయం: నేను రాసిన కత్తిరింపు పాఠాల పుస్తకమును నా బావమరిది తన పేర అచ్చు వేయించుకుని, చట్టంలోని మినహాయింపుల చాటున దాగుట గురించి.

మనవి ఏమనగా, పద్నాలుగేళ్లు నాతో ఒకే బల్ల మీద బట్ట కత్తిరించిన నా భార్య తమ్ముడు, "బావా, తప్పులు దిద్ది ఇస్తాలే" అని నా రాతప్రతి పట్టుకెళ్లి, అచ్చయిన పుస్తకంతో తిరిగి వచ్చాడు. తమరి నోటీసుకు అతడిచ్చిన జవాబులపై నా అభ్యంతరములు:

1. సొంత చదువు కోసం నకలు తీసుకున్నాడట. ఆరు వందల కాపీలు! బడిలో ఒక్క పుస్తకం తెరవనివాడికి ఇంత చదువు ఎప్పుడబ్బినదో తెలియదు.

2. ఇది నకలు కాదు, విమర్శ అట. ప్రతి పేజీ అడుగున "బాగుంది" అని వేయించిన మాట వాస్తవమే. కాలరు పాఠం కింద మాత్రం "పర్వాలేదు" అని ఉన్నది. ఆ కాలరు వాడికి నేర్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, అయ్యా!

3. బొమ్మలు తానే గీశాడట, తాను బట్ట కత్తిరించే తీరునే. వాడిది కుడిచేతి వాటం, నాది ఎడమ. ప్రతి బొమ్మలోనూ కత్తెర ఎడమచేతిలోనే ఉన్నది.

4. మూలకర్తను పేర్కొన్నాడట. పేర్కొన్నాడు. చివరి పేజీలో, "ఇస్త్రీ చేసి పెట్టిన మా బావకు కృతజ్ఞతలు" అని.

5. నేను నోటిమాటగా అనుమతి ఇచ్చానట, సాక్షి కూడా ఉన్నారట. శుద్ధ అబద్ధము. "చూసి ఇచ్చెయ్యరా" అన్నాను, అంతే. ఆనాడు గదిలో మేమిద్దరం, నీళ్లు తెచ్చిన నా భార్య తప్ప ఎవరూ లేరు.

కావున పై మినహాయింపులేవీ అతడికి వర్తించవని తేల్చి, నా పుస్తకం మీద నా పేరు వేయించవలెననియు, ఈ గోడు చిత్తగించవలెననియు ప్రార్థించుచున్న

తమ విధేయుడు,
ఎడమచేతి దర్జీ (ఇస్త్రీ చేసేవాడు కాదు)

తా.క.: అర్జీ ఇవ్వడానికి వచ్చినప్పుడు తమ గుమాస్తాగారు ఆ సాక్షి వాంగ్మూలం చూపించారు. "మా ఆయనే తీసుకోమన్నారు, నా చెవులతో విన్నాను" అని ఉంది. కింద నా భార్య సంతకం. సంతకం ఆమెదే, అనుమానం లేదు. పెళ్లయిన కొత్తలో పలక మీద ఆమెకు దాన్ని నేర్పింది నేనే.

ఐదో అభ్యంతరం కొట్టెయ్యండి. "అది పోతే కేసే పోతుందయ్యా" అన్నారు గుమాస్తాగారు. పోనివ్వండి. ఆమెను మాత్రం విచారణకు పిలవకండి. అందరి ముందు నిలబడి ఆమె ఆ మాట చెబుతుంటే నేను వినలేను.