ఇద్దరూ వింటేనే పిట్ట

ప్రియమైన వదినకి,

రెండు వీధుల అవతల ఉండి, రోజూ పొద్దున్నే నీతో నడిచే మరదలు ఉత్తరం రాయడమేమిటని ముక్కున వేలేసుకోకు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నిన్న నీ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి, మనం వెళ్ళాల్సిన మూడు అభయారణ్యాల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టావు. “మొదటిదానికి పడవలో పోవాలి. రెండోది కొండ మీద. మూడోదాంట్లో రోజూ వానే, ఆకుల్లో పిట్ట కనపడదు, కూతను పట్టే వెతుక్కోవాలి. నీ చెవులున్నాయి, నాకేం భయం” అన్నావు. నేను నవ్వి ఊరుకున్నాను.

వదినా, నాకు సన్నటి కూతలు వినపడవు. మూడేళ్ళయింది.

ఇరవై రెండేళ్ళు కుట్టుమిషన్ల హాల్లో సూపర్‌వైజరుగా తిరిగితే చెవులు ఊరికే ఉంటాయా? మొదట కీచురాళ్ళ చప్పుడు పోయింది, తర్వాత వాచీ అలారం. మాటలు బాగానే వినపడతాయి కాబట్టి ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. నడుస్తూ నడుస్తూ నువ్వు చెయ్యెత్తి ఆగి, “విన్నావా?” అనేదానివి. నీ మొహం వెలిగిపోతూ ఉండేది. నీ సరదా పాడుచేయడమెందుకని మొదటిసారి తల ఊపాను. ఒక అబద్ధాన్ని కప్పిపెట్టడానికి వంద అబద్ధాలు కావాలంటారు గానీ, నాకు ఆ తల ఊపడం ఒక్కటే సరిపోయింది.

ఇవాళ సెలవు పెట్టి మన పిట్టల పుస్తకం తిరగేశాను. కనపడని పిట్టను కూతను బట్టి రాయాలంటే జంటలో ఇద్దరూ వినాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, అదీ మన పిట్టల సంఘం నియమం. నేను వినకుండా సంతకం పెట్టినవి పంతొమ్మిది తేలాయి. ఏడాదిలో ఎక్కువ పిట్టలు రాసిన జంటకే కదా అడవి బసల్లో రెండు మంచాలు ఇచ్చేది. మనం గెలిచింది మూడు పిట్టల తేడాతో. ఓడిన బస్సు కండక్టరు గారు ఆ రోజు తన జంటే అయిన భార్యను వెంటబెట్టుకుని మన దగ్గరికి వచ్చి, “మీ ఇద్దరి చెవులూ బంగారం అమ్మా” అన్నారు. సిగ్గు లేకుండా దండం పెట్టాను.

అన్నయ్యను తలుచుకుంటే ఇంకా బాధ. మనలో ఎవరైనా మానుకుంటే తను వెళ్ళొచ్చని, ఆర్నెల్లుగా బాత్రూములో ఫోను పెట్టుకుని కూతలు వల్లె వేస్తున్నాడు. నువ్వేమో, “మీకు నేను పిలిస్తేనే వినపడదు, పిట్ట పిలిస్తే వినపడుతుందా? నాకు మీ చెల్లెలి చెవులే కావాలి” అని కొట్టిపారేశావు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నేను పూర్తి మొగుడి చోటే కాజేశాను.

కాబట్టి నేను రాను. నడుము పట్టేసిందని సంఘంలో చెబుతాను. నువ్వు అన్నయ్యను తీసుకెళ్ళు. జలగలు ఎక్కకుండా మనిద్దరికీ గుడ్డ మేజోళ్ళు కుట్టాను కదా, నావి కుట్లు విప్పి వాడికి సరిపోయేలా చేస్తాను. చెవుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. నువ్వు తిట్టు, పడతాను. నలుగురిలో తలెత్తుకోలేను.

నీ మరదలు


మరదలు పిల్లకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్టమన్నావు. తిట్టే మొహం నాకుంటే ఎప్పుడో తిట్టేదాన్ని.

నాకు తెలుసు. ఏడాదిగా తెలుసు. ఒకరోజు పార్కులో నీ భుజం వెనకే పిట్ట గొంతు చించుకుంటుంటే, నువ్వు తాపీగా బూటు లేసు కట్టుకుంటున్నావు. నాకు అనుమానం వచ్చింది. మర్నాడు పంపుహౌసు వెనక రెల్లు దగ్గర, ఎక్కడా ఏ చప్పుడూ లేనప్పుడు, కావాలనే చెయ్యెత్తి “విన్నావా? నల్లగొంతు రెల్లుపిట్ట” అన్నాను. మన ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వినని పిట్ట అది. నువ్వు తల ఊపావు. పైగా “రెండుసార్లు కూసింది కదూ” అన్నావు.

దొరికిపోయావే అని అక్కడికక్కడే ఏడిపిద్దామనుకున్నాను. కానీ మానుకున్నాను. నీ మీద జాలితో కాదు. నీ తల ఊపు నాకు పనికొస్తుందని తోచింది. మందుల షాపు కౌంటరు వెనక నిలబడి పదిహేనేళ్ళుగా ఆ అడవుల గురించే కలలు కంటున్నాను. ఆ ఆశతోనే పుస్తకం తీసి రాశాను, సంతకం పెట్టి పెన్ను నీ చేతికిచ్చాను. తర్వాత ఇంకో రెండు పిట్టల్ని కూడా అలాగే పుట్టించాను. నీ పంతొమ్మిదిలో పదహారు కనీసం నేను విన్నవి. ఆ మూడూ ఎవరూ విననివి. నీది మొహమాటం, నాది దొంగతనం.

ఇవాళ పొద్దున సంఘం కార్యదర్శికి అంతా రాసిచ్చి, మనిద్దరి పేర్లూ కొట్టేయమన్నాను. నీ చెవుల సంగతీ రాశాను. వద్దన్నావని తెలుసు, తిట్టుకో. మీ అన్నయ్యకు కూడా చెప్పాను. ఆయన ఫోను తీసి జేబులో పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి కండక్టరు గారింటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసింది. అడవికి మీరే వెళ్తున్నారని చెబితే సంతోషిస్తుందనుకున్నాను. “ఆయన పిట్టలు మానేసి ఎనిమిది నెలలైందండీ” అంది. సంఘం పత్రికలో మన రెల్లుపిట్ట పేరు చూసి, డ్యూటీకి వెళ్ళే ముందు పదకొండు రోజులు పంపుహౌసు వెనక నిలబడ్డారట. ఒక్కనాడూ వినపడలేదు. ఆడవాళ్ళిద్దరికి వినపడింది తనకెందుకు వినపడదు, ముప్పై ఏళ్ళ బస్సుల మోతకి తన చెవులే పోయుంటాయనుకున్నారు. ఆ తర్వాత ఏ కూత విన్నా భ్రమేమోనని భయపడి సంతకం పెట్టలేదట. చెవులు పోయాయని పైకి చెప్పుకోవడానికి ఆయనకూ సిగ్గేనట.

ఆయన యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడ పిట్ట లేదు, ఎప్పుడూ లేదు, నేనే పుట్టించానన్నాను. కేకలేస్తారని సిద్ధపడే వెళ్ళాను. ఆయన గుమ్మం పట్టుకుని, “అయితే నా చెవులు బాగానే ఉన్నాయా అమ్మా?” అని అడిగారు.

బాగానే ఉన్నాయండీ అన్నాను.

నీ వదిన