అల్లుడి చెవులు, టి.బి. సూది

దుర్గి,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు సాంబయ్యకు అక్కయ్య దీవించి రాసేది.

మీరంతా కులాసా అనుకుంటాను. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. తెనాలి కాలవగట్టు గాలికి అలవాటుపడిన ప్రాణం; ఇక్కడ గాలి కూడా రాళ్ళ మీద కాగి వస్తుంది. వీళ్ళు కూరలో వేసే కారం చూస్తే నాలుక మీద ఏదో పగ ఉన్నట్టుంది. కబుర్లాడడానికి మనిషి దొరకడు. అయినా బాగానే ఉన్నానని మళ్ళీ రాస్తున్నాను.

అసలు సంగతి అల్లుడిది. వీరాచారికి టి.బి. అని తేలి, అమ్మాయి ఒక్కతే అవస్థ పడుతోందనే కదా నేనిక్కడికి వచ్చింది. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది వేయించుకున్నాడు. దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది. సంతోషించేలోగా చెవుల్లో హోరు మొదలైంది. కాంపౌండరు "నీరసంలే, గుడ్లు తిను" అన్నాడు. తిన్నాడు. గుడ్లకు చెవి వైద్యం రాదు.

మీ ఊరి గుడికి తాను చెక్కాల్సిన నంది కోసం రాయి తెచ్చాడు. ఇక్కడ ఉలి పెట్టేముందు రాతిని సుత్తితో కొట్టి వింటారు. గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. అల్లుడు కొట్టాడు. రాతిపని తెలియని నాకే అది పగిలిన కుండలా వినిపించింది.

"ఇదేందయ్యా, ఇట్టా పలికింది?" అంది అమ్మాయి.

"చానా బాగా మోగిందే. రాతి సంగతి నాకు చెప్పొచ్చావా?" అని కసిరాడు.

మెడ దాకా చెక్కాక రాయి రెండుగా విడిపోయింది. "మోగిందత్తా, నేను విన్నా" అంటూ కూలబడ్డాడు. అతను విన్నది తన చెవుల్లోని మోత.

సూది రాసిన డాక్టరు దగ్గరికే మాచర్ల తీసుకుపోయాను. ఆయన అల్లుడి చెవి దగ్గర గడియారం పెట్టి చూసి, "ఈ మందు కొందరికి ఇట్లా చేస్తుందమ్మా" అన్నాడు.

"ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వేయించుకుంటారా?"

ఢిల్లీలో పెద్దలు చూసి సరేనన్న మందట. ఆ చెవులున్నవాణ్ణి కూడా ఒక మాట అడగాల్సింది అన్నాను. డాక్టరు చెవులు బాగానే ఉన్నాయి, అయినా వినలేదు.

సూది ఆపి బిళ్ళలు రాశాడు. మిగిలిన వినికిడి దక్కవచ్చునట, పోయింది మాత్రం రాదట. అమ్మాయి వెనకనుంచి పిలిస్తే ఇప్పుడు తిరిగి చూడడు.

నువ్వొక పని చెయ్యాలి. గుడి ధర్మకర్తను కలిసి, మంచి రాయి దొరక్క నంది ఆలస్యమవుతోందని చెప్పు. ఇకమీదట రాయిని అమ్మాయి వింటుంది, అతను చెక్కుతాడు. చెవుల సంగతి మాత్రం ఎత్తకు. తెలిస్తే పని ఇంకొకరికి పోతుంది. ముందే చెప్పలేదని డాక్టరును దులిపి వచ్చిన నోటితోనే, ఈ సంగతి దాచమని నీకు చెబుతున్నాను.

మనవరాలు నీకు దండాలు చెప్పమంది. మరదలికీ పిల్లలకూ నా దీవెనలు, పెద్దలకు నమస్కారాలు.

నీ అక్కయ్య,
రాజ్యలక్ష్మి