ఐదు వోల్టుల మాట

బావకు,

ఇందుమూలంగా సమస్త బంధుజనానికి తెలియజేయునది ఏమనగా, నీ కారు సీటు కింద దొరికిన దువ్వెన నేటి నుంచి నా సొత్తు.

అసలు సంగతి ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. కారు ఎత్తు ఎక్కడం లేదని నువ్వంటే, టర్బో గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ పోయిందని కొత్తది బిగించాను కదా. "వైరు కూడా చూశావట్రా?" అన్నావు. "మీటరు పెట్టి చూశా బావా, ఐదు వోల్టులొస్తున్నాయి, వైరు బాగుంది. నీ బుర్రకే అంత కరెంటు లేదు" అని వెక్కిరించాను. అక్క కూడా నవ్వింది.

ఇవాళ ఆ పాత సెన్సార్‌ని ఇంకో బండికి పెడితే శుభ్రంగా పనిచేసింది. అంటే తప్పు వైరులోనే ఉంది; కొత్తది బిగించేటప్పుడు కదిలి తాత్కాలికంగా అతుక్కుందంతే. రేపు అక్కని ఆపరేషన్‌కి ఆ కారులో కొండదారిన తీసుకెళ్లకు. లారీని దాటేటప్పుడు బండి నీరసపడితే ఇద్దరూ దక్కరు. పొద్దున్నే నా బండి తెస్తాను, దారంతా తిట్టు.

ఆ రోజు నా మీటరులో బ్యాటరీయే లేదు బావా. ఐదు వోల్టులు నేను కల్పించిన మాట.

నీ బావమరిది